దారం వెంట

నేను ఒక సిమెంటు అంచురాయిని. గడ్డి దారిలోకి పాకకుండా, మట్టి కొట్టుకుపోకుండా పచ్చిక చుట్టూ పాతుతారే, ఆ రాయిని. మీరు నన్ను చూసే ఉంటారు. కాలికి తగిలినప్పుడు తిట్టి కూడా ఉంటారు.

అనకాపల్లి దగ్గర ఒక యార్డులో పుట్టాను. ఇసుక, చిప్స్, సిమెంటు కలిపి, నూనె రాసిన ఇనుప అచ్చులో పోసి గడగడలాడించారు. తర్వాత తడి గోనెపట్టాలు కప్పి, పొద్దుటా సాయంత్రం నీళ్లు పట్టారు. అంత గారాబం చేసింది మట్టిలో పాతడానికేనని అప్పుడు నాకేం తెలుసు?

విశాఖలో ఒక కాలనీ పార్కుకు ట్రాక్టరు మీద వచ్చాను. ఆ కాలనీ సంఘం అధ్యక్షుడు సుదర్శనరావు గారు ఏదో రిసార్టులో పచ్చిక అంచు చూసొచ్చి, అప్పట్నుంచీ నిద్రపోలేదు. రాళ్ల వరుస తిన్నగా రావాలని ఆయనే దగ్గరుండి దారం కట్టించారు. ఆ దారం సరిగ్గా ఒక కానుగ చెట్టు మొదలును ఒరుసుకుంటూ పోయింది. జానెడు పక్కకు వంచితే సరిపోయేది. "వంకర పోతే నలుగురూ నవ్వుతారయ్యా" అన్నారాయన. మేస్త్రి వేరు నరికి, దాని మీద నన్ను కూర్చోబెట్టి సిమెంటు మెత్తాడు. జెండా పండగ వచ్చిందంటే మాకు ఎరుపు, తెలుపు చారలు, చెట్టుకు నడుం దాకా సున్నం.

ఆ కానుగ కిందే పైడమ్మ ఇస్త్రీబండి. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ బండి మీదే సాకుతోంది. బొగ్గుల పెట్టె సెగకు ఎండ కూడా తోడైతే మనిషి నిలవలేదు. ఆ నీడే ఆమెకు కూడు.

వానలు పడ్డాక వేరు లావెక్కి నన్ను కింద నుంచి తోయడం మొదలుపెట్టింది. దానికి దారి ఇవ్వాలని నా ప్రాణం కొట్టుకునేది. కానీ నేను పక్కకు జరగలేను కదా! ఒక పక్క పైకి లేచాను. సుదర్శనరావు గారు వేరు నరికించి నన్ను దిగ్గొట్టించారు. మళ్లీ లేచాను, మళ్లీ దిగ్గొట్టారు. ఇక నాకు మిగిలింది ఒకటే ఆశ. పగిలిపోతే నన్ను తీసి పారేస్తారు, వేరు తన దారిన తాను పోతుంది, పైడమ్మ నీడ పైడమ్మకు ఉంటుంది. ఒక ఎండాకాలం పొద్దున రెండు ముక్కలయ్యాను. హమ్మయ్య అనుకున్నాను. ఇన్నాళ్లు మనుషుల మధ్య ఉండి కూడా అలా అనుకున్నానంటే నాది ఎంత పిచ్చి!

సుదర్శనరావు గారు నా ముక్కల్ని చూసి, చెట్టును చూశారు. "రాయినే పగలగొట్టింది, రేపు ప్రహరీని వదుల్తుందా? కొట్టించేద్దాం" అన్నారు. సంఘం వాళ్లంతా తలలూపారు.

పైడమ్మ పరుగెత్తుకొచ్చి చెట్టుకు అడ్డం నిలబడింది. "బాబూ, దీని జోలికెల్లకండి బాబూ! నీడ నేకపోతే ఈ ఎండలో బొగ్గుల పెట్టెట్టుకుని నానేటి సేస్తాను? నా పిల్లలేటి తింతారు?"

"నీకు వేరే చోటు చూస్తాంలే పైడమ్మా, పక్కకు తప్పుకో."

పగిలింది నేనే, పారేయాల్సింది నన్నే, దాన్ని వదలండని మొత్తుకున్నాను. రాయి మొర ఎవరికి వినపడుతుంది? సాయంత్రానికి రంపం పని అయిపోయింది. నా స్థానంలో కొత్త రాయి దారం పట్టినట్టు కూర్చుంది. నన్ను గోడవతల చెత్తలో పడేశారు.

మర్నాడు పైడమ్మ చక్రం కింద అడ్డు పెట్టుకోవడానికి రాయి వెతుక్కుంటూ వచ్చి నా ముక్కొకటి పట్టుకెళ్లింది. అలా మళ్లీ అక్కడికే చేరాను. వేరే చోటు ఎవరూ చూడలేదు. చెట్టు మొద్దు పక్కనే, మండుటెండలో, తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఆమె ఇస్త్రీ చేస్తోంది. మధ్యమధ్య బండి పట్టుకుని కళ్లు మూసుకుంటోంది. పడిపోతుందేమోనని నా భయం. పడితే పట్టుకోవడానికి నాకు చేతులా?

మిట్టమధ్యాహ్నం సుదర్శనరావు గారు గొడుగు వేసుకుని చొక్కాలు తెచ్చారు. ఆమె వాలకం చూసి నిజంగానే జాలిపడ్డారు.

"ఇంత ఎండలో ఏమిటే పైడమ్మా? ఏదైనా చెట్టు కింద పెట్టుకోరాదూ బండి?"

ఆమె పెట్టె దించి, "ఏ సెట్టు కింద బాబూ?" అంది.

ఆయన గొడుగు పక్కకు వంచి, చెట్టు కోసం చుట్టూ చూశారు.