షెడ్డు దగ్గర ఉంటాం

నాకు అన్నిటికన్నా భయం ఒకటే. ముక్కూమొహం తెలియనివాళ్ళు పడుకున్న మంచం మీద నేను దుప్పటి మారుస్తున్న వేళ, నా కూతురు టూటీని నీళ్ళు తీసుకుపోతాయని. భయాన్ని పైకి అంటే జరిగి తీరుతుందని మా అమ్మ చెప్పేది. అందుకే ఇన్నాళ్ళూ అనలేదు. రాయడం, అనడం ఒకటి కాదులే అనుకుని ఇప్పుడు రాస్తున్నాను. ఒకటేనేమో కూడా. ఈ మధ్య నాకు ఏదీ తేలడం లేదు.

టూటీకి నాలుగేళ్ళు. దాని నాన్న డెషాన్ రొయ్యల పడవ మీద పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో పడవకే తెలియాలి. నేను టాలివర్ దీవి పార్కులో క్యాబిన్లు శుభ్రం చేస్తాను. టూటీ కడుపులో పడ్డప్పుడు ఆగిన బడి మళ్ళీ మొదలుకాలేదు. బడి లేనివాళ్ళకు దీవిని ఊరితో కలిపే వంతెనకి ఇవతల దొరికే పని ఇదే. కాబట్టి పగలంతా టూటీని చూసేది మామ్మ. డెషాన్ నాయనమ్మ, ఎర్నెస్టీన్. ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ దీవి మీద మిగల్లేదు. పార్కు వాళ్ళకు కూడా మామ్మే. బుట్టలల్లే గడ్డి కోసుకోవడానికి ఇసుక దిబ్బల వెనక్కి ఎక్కడికైనా వెళ్ళవచ్చని ఆవిడ ఒక్కదానికే వాళ్ళు ఒప్పుకున్నారు.

ఆ రోజు పొద్దున గేటు దగ్గర మేం విడిపోయాం. మామ్మ తలమీద పసుపుపచ్చ టోపీ, చేతిలో గడ్డి బుట్ట. బుట్టలో మొక్కజొన్న రొట్టె, ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. టూటీ అప్పటికే కాయలు ఒలిచి తొక్కలు జేబులో కుక్కుకుంటోంది.

"ఎక్కడుంటారు మామ్మా ఇవాళ?"

"ఎక్కడుంటాం? షెడ్డు దగ్గర ఉంటాం. నీ పని చూసుకో."

"దానికి ఎండ తగలనీకు."

"షెడ్డు కింద ఎండేంటే, పిచ్చిమొహమా!"

"సరే" అన్నాను. దుప్పట్ల బండి తోసుకుంటూ వెళ్ళిపోయాను.

మొదటి క్యాబిన్లో వెర్డెల్ అక్క బాత్రూము కడుగుతోంది. ఆవిడ ఇక్కడ నాకన్నా చాలా పాత మనిషి. చెయ్యి ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది.

"పిల్లేదే?"

"మామ్మతో. షెడ్డు దగ్గర."

"హాయి. అక్కడ గాలి బావుంటుంది. చిన్నప్పుడు ఆదివారం వస్తే చాలు, మామ్మ అక్కడ చేపలు వేయించేది. వాసనకి నేను చర్చి మధ్యలోంచి లేచొచ్చేసేదాన్ని."

"దేవుడు చూళ్ళేదా అక్కా?"

"చూసుంటాడు. ఆయనకీ ఆకలేసుంటుంది, ఏమీ అన్లేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నేను గలీబులు తొడుగుతున్నాను. అప్పుడు రేంజర్ ప్రూయిట్ బల్బు మార్చడానికి లోపలికి వచ్చాడు. కుర్రాడు, మంచివాడే. కొండల వైపు పార్కు నుంచి బదిలీ అయి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. వెర్డెల్ అక్క అతన్ని కొండబాబు అంటుంది, మొహం మీదే.

"ఏ షెడ్డు?" అన్నాడు నిచ్చెన మీంచి.

"పిక్నిక్ షెడ్డు కొండబాబూ. నీకు తెలీదా?"

"పటంలో షెడ్డేం లేదే. పార్కు మొత్తం తిరిగాను. నేనెక్కడా చూళ్ళేదు."

"ఎలా చూస్తావు? పెద్ద తుఫానుకి పోయిందిగా" అంది అక్క, చీపురు దులుపుతూ.

"పోయిందంటే ఎక్కడికి?"

"సముద్రంలోకి. ఇంకెక్కడి…"

అక్క చీపురు వదిలేసి నా వైపు తిరిగింది. నా చేతిలో దిండు ఉంది. దాన్ని కింద పెట్టానో విసిరానో నాకు గుర్తులేదు.

మా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే నన్ను మతిలేనిదాన్నంటారు. మా దీవి ఒకచోట నిలవదు. ముందువైపు సముద్రం కొరుక్కుతింటుంది, వెనకవైపు చిత్తడిలో ఇసుక పోస్తుంది. పాములా మెల్లగా ఒరుసుకుంటూ పోతుంది. మనుషులు మాత్రం ఉన్నదాన్ని చూసి దారి చెప్పరు, ఉండిందాన్ని చూసి చెబుతారు. పాత కొట్టు దగ్గర ఎడమకి తిరగమంటారు. కొట్టు లేదు. ఐజయా వాళ్ళ పెరడు దాటమంటారు. పెరట్లో ఇప్పుడు పీతలు తిరుగుతున్నాయి. చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ అది తప్పనిపించదు. నేనూ అలానే పెరిగాను. మామ్మ షెడ్డు అనగానే నా కళ్ళకి రేకు కప్పు, ఓక్ చెట్ల నీడ, బల్లలు కనిపించాయి. అందుకే సరే అన్నాను. కూతుర్ని సముద్రంలో కూర్చోబెడతానంటే సరే అన్నాను.

ప్రూయిట్ బండిలో ముగ్గురం ఎక్కాం. అతను పటం తెరిచి నా ఒళ్ళో పెట్టాడు.

"ఎక్కడుండేదో చూపించండి."

చూపించలేకపోయాను. పటంలో ఆ చోట నీలిరంగు ఉంది. నా తలలో మాత్రం చెక్కదారి ఉంది, అది కుడికి వంగుతుంది, వంపులో కుళాయి, కుళాయి దాటితే షెడ్డు. "కుడికి పోనివ్వండి" అన్నాను. కుడికి దారి లేదు. నడుము విరిగిన చెక్కలు గాల్లో వేలాడుతున్నాయి. "కాదు కాదు, చెట్ల తోపులోకి" అన్నాను. ఎదురుగా తోపు లేదు. ఇసుక మీద పడి, వేళ్ళు ఆకాశానికి ఎత్తి, ఎముకల్లా తెల్లబడ్డ మొద్దులు ఉన్నాయి.

"తోపు ఇదేనే" అంది వెర్డెల్ అక్క మెల్లగా. "ఇదే తోపు."

నాకు అర్థం కాలేదు. ఆ మొద్దుల మధ్య రోజూ నడుస్తాను. చచ్చిన చెట్లనే అనుకున్నాను తప్ప, నేను ఉయ్యాల ఊగిన చెట్లు అవేనని ఎప్పుడూ తట్టలేదు. ఏది ముందో ఏది వెనకో తెలియక నిలబడిపోయాను. అక్క నా గడ్డం పట్టుకుని సముద్రం వైపు తిప్పింది.

ఒడ్డుకి అవతల, ఇసుక మేట మీద, పసుపుపచ్చ చుక్క.

ఆటు వేళ మేట బయటపడుతుంది. దానితోపాటు షెడ్డు గచ్చు కూడా. గోడలు పోయాయి, కప్పు పోయింది, గచ్చు మిగిలింది. ఆ గచ్చు మీద మామ్మ గుడ్డ పరిచి కూర్చుంది. పక్కన టూటీ. వాళ్ళ ముందు ఆల్చిప్పల పళ్ళేలు. వాళ్ళు చూస్తున్నది సముద్రం వైపు. వాళ్ళ వెనక, మేటకీ ఒడ్డుకీ మధ్య ఉన్న గాడిలోకి నీళ్ళు చప్పుడు లేకుండా నిండుతున్నాయి.

"మామ్మా! వెనక్కి చూడు! పోటు!"

మామ్మ చెయ్యి ఊపింది. రమ్మని.

నాకు ఈత రాదు. దీవిలో పుట్టి ఈత రాకపోవడమేంటని ప్రూయిట్ తర్వాత అడిగాడు. సముద్రం ఎదురుగా ఉన్నవాళ్ళు దానితో ఆడుకోరు బాబూ అంది అక్క. అప్పుడు మాత్రం నేనేమీ ఆలోచించలేదు. గాడిలో దిగాను. నీళ్ళు నడుము దాటాయి, లాగుతున్నాయి. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. నా ముందు ప్రూయిట్ బూట్లతోనే నడుస్తున్నాడు.

టూటీ నన్ను చూసి చప్పట్లు కొట్టింది. "అమ్మ కూడా వచ్చింది మామ్మా! అమ్మకి పళ్ళెం లేదు!"

నాలుగు పళ్ళేలున్నాయి. మనుషులు ఇద్దరు.

"ఎవరికే ఇన్ని?" అన్నాను, దాన్ని ఎత్తుకుంటూనే. నా చేతులు దాని ఒంటి మీద ఎక్కడ పట్టుకుంటే గట్టో వెతుక్కుంటున్నాయి.

"హోసియా తాతకి. తాత చేపలు తెస్తాడంట."

హోసియా తాత మామ్మ భర్త. టూటీ పుట్టకముందే పోయాడు. నాలుగో పళ్ళెం ఎవరిదో నేను అడగలేదు.

"ఏంటా మొహం?" అంది మామ్మ. "పిల్లతో ఆడుకోకూడదా? బొమ్మలతో టీ తాగించినప్పుడు నువ్వేమైనా డాక్టర్ని పిలిచావా?"

"నీళ్ళు చూడు మామ్మా!"

"చూశాను. పోటుకింకా వేళుంది. నీకు తెలుసా, నాకు తెలుసా?" అంటూ వెనక్కి తిరిగింది. గాడిని చూసింది. చాలాసేపు చూసింది. "ఇక్కడ గాడి ఎప్పుడుందీ?" అంది. ఆ మాట నాతో కాదు, గాడితో అన్నట్టుంది.

ఆ గాడి కిందటి శీతాకాలం పడింది. అంతకుముందు లేదు, నిజమే. వేళ కూడా మామ్మ చెప్పిందే నిజం. మేట మునగడానికి ఇంకా చాలా సమయం పట్టిందని ఒడ్డున నిలబడి నేనే చూశాను. ముందు గాడి నిండుతుంది, అంతే. మరి తప్పు మామ్మదా, దీవిదా? నాకు ఇప్పటికీ తేలలేదు.

ప్రూయిట్ మామ్మని ఎత్తుకుని గాడి దాటించాడు, టూటీని భుజానికెత్తుకుని నేను వెనకే నడిచాను. దారిపొడుగునా ఆవిడ అతని వీపు మీద గుద్దుతూనే ఉంది. "దించరా, పెళ్ళినాడు నా మొగుడు కూడా నన్నిలా ఎత్తలేదు!" ఒడ్డున కూర్చోబెట్టి అతను ప్రశ్నలు వేశాడు. ఏ వారం, ఏ నెల, గవర్నర్ ఎవరు.

"బుధవారం. అక్టోబరు. గవర్నర్ నువ్వు ఓటేసినవాడు, నేను వెయ్యనివాడు. ఇంకేం కావాలి, నా బరువా? మోశావుగా."

అక్క ఏడుస్తూ నవ్వింది. నేను టూటీ జేబులోంచి తడిసిన తొక్కలు తీసి పారేస్తున్నాను. ఎందుకో తెలియదు, ఒక్కొక్కటే తీస్తున్నాను.

ప్రూయిట్ నన్ను పక్కకు పిలిచాడు. "లషెల్, ఇవాళ్టికి ఊరుకుంటాను. ఇంకోసారి పిల్ల ఇలా దొరికితే చెప్పాల్సినచోట చెప్పక తప్పదు. వాళ్ళు వచ్చి మిమ్మల్ని అడుగుతారు. ఆ పెద్దావిడ దగ్గర పిల్లని ఎందుకు వదిలారని."

ఏం చెబుతాను? వదలడానికి ఇంకో మనిషి లేక అంటానా?

మామ్మని వంతెన అవతల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మతి పరీక్షకి గియ్యమంటే గడియారం బొమ్మ గీసింది, చెప్పిన మాటలు తిరిగి చెప్పింది, డాక్టరమ్మ జుట్టు ఎవరు అల్లారో కూడా కనిపెట్టింది. మతిమరుపు మొదలవుతోందేమో, కాకపోనూ వచ్చు, మళ్ళీ రమ్మన్నారు. పళ్ళేల సంగతి మాత్రం చెప్పలేదు. మావాళ్ళు సమాధుల మీద కూడా పళ్ళేలు, కప్పులు పెడతారు. చనిపోయినవాళ్ళకి భోజనం పెట్టడం మాకు జబ్బు కాదు. కానీ ఆ రోజు మామ్మ కళ్ళు సముద్రం మీద ఎవరినో నిజంగా వెతుకుతున్నట్టే ఉన్నాయి. ఆటలో అలా వెతుకుతారా? టూటీని అడిగితే, "తాత రాలేదు, అమ్మ తొందరపడింది" అంటుంది.

డెషాన్ ఫోన్లో, "మామ్మకేం కాలేదు, మనందరం అలానే మాట్లాడతాం" అన్నాడు. అదే నా బాధ కూడా. మనందరం అలానే మాట్లాడితే, ఎవరి మతి పోయిందో ఎలా తెలుస్తుంది?

టూటీని ఇప్పుడు నాతోనే తీసుకెళ్తున్నాను. దుప్పట్ల బండి మీద మైల గుడ్డల మధ్య కూర్చుంటుంది. పిల్లల్ని పనిలోకి తేకూడదని నిబంధన ఒకటుంది. ప్రూయిట్ చూస్తాడు, బల్బు కేసి తిరుగుతాడు. నా కూతురు నా కళ్ళ ముందుంది. రాత్రి నిద్ర పడుతుందనుకున్నాను.

మామ్మ నన్నేమీ అనలేదు. తిట్టినా బావుండేది. పొద్దున గేటు దాకా మాతోపాటు వస్తుంది, అలవాటు కొద్దీ టూటీ చేతికి చెయ్యి చాపుతుంది, మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. బుట్టలో ఒక్క రొట్టె.

"ఎక్కడుంటావు మామ్మా?"

"షెడ్డు దగ్గర."

వద్దంటే వినదు. తాళం వేద్దామంటే నా చెయ్యి రాదు. తొంభై ఏళ్ళుగా ఈ ఇసుక మీద తిరిగిన మనిషి. నేను సరే అంటాను. ఆ సరేకి అర్థమేంటో నాకే తెలియదు. పిల్లని దగ్గరికి తెచ్చుకున్నాను, నా భయం మాత్రం అక్కడే ఉండిపోయింది, మామ్మ పక్కన. ఇప్పుడావిడకి వెనక్కి చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా లేరు.

అందుకే రాస్తున్నాను. మీరెప్పుడైనా మా పార్కుకి వస్తే, తెల్లటి మొద్దులు దాటాక ఒకసారి ఆగండి. ఆటు వేళ మేట మీద పసుపుపచ్చ టోపీ కనిపిస్తే గవర్నర్ పేరు అడగకండి, షెడ్డు లేదని చెప్పకండి. ముందు గాడిలో నీళ్ళెంతున్నాయో చూడండి. తక్కువుంటే వెళ్ళి కూర్చోండి, ఆవిడ మీకూ పళ్ళెం పెడుతుంది. ఎక్కువవుతుంటే చేపలు వచ్చాయి మామ్మా, ఇంటికి పోదాం అని చెయ్యందించండి. దయచేసి ఒక్కసారి మామ్మని చూసి వెళ్ళండి.