నీళ్ళ వంతు

ఒలీటా తుపాకీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్ళయింది. ఓక్లహోమా తూర్పు కొసన ఆ సరస్సు చుట్టుపక్కల, చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరిగేవాళ్ళలో సగం మంది ఆమె ముందు బల్లల మీద కూర్చుని నేర్చుకున్నవాళ్ళే. గురి చూడటం ఎవరైనా నేర్పుతారు. ఆమె నేర్పేది వేరు. "నడుముకి తుపాకీ ఉన్నరోజు బీరు సీసా మూత కూడా వాసన చూడొద్దు. తాగాలనిపించిందా, తాగండి, నేనేం మీ పాస్టరమ్మని కాను. కానీ ముందు దాన్ని తీసి తాగనివాడి చేతిలో పెట్టండి" అనేది. అని ఊరుకోలేదు, తన ఇంట్లో ఇరవై ఏళ్ళుగా అదే నడిపించింది.

ఆ ఇంట్లో దాని పేరు నీళ్ళ వంతు. పుట్టినరోజు గానీ, చేపల వేపుడు గానీ, నలుగురు చేరారంటే ముందు ఒకరు నీళ్ళ వంతు తీసుకోవాలి. మొదటి సీసా తెరవకముందే మిగతావాళ్ళు తమ తుపాకీలు ఆ మనిషికి అప్పగించాలి. ఆ మనిషి వాటిని ట్రక్కులో ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేసి, తనది మాత్రం నడుముకి ఉంచుకుని, సాయంత్రం దాకా అందరినీ ఓ కంట కనిపెట్టుకుని ఉండాలి.

నీళ్ళ వంతంటే ఎవడికి సరదా? చల్లటి బీర్లు చేతులు మారుతుంటే పక్కన టీ తాగుతూ కూర్చోవాలి మరి. అందుకే ఒలీటా అన్న గార్విన్ అంటే అందరికీ అంత గౌరవం. ఎవరి వంతు వచ్చినా "పోనీలే, నేను చూసుకుంటాను, మీరు తాగండి" అనేవాడు. అరవై రెండేళ్ళ మనిషి, చెల్లెలితో కలిసి క్లాసు చెప్పే మనిషి. మూత బిగించిన పెద్ద స్టీలు కప్పులో తియ్యటి ఐసు టీ పోసుకుని రోజంతా అదే చప్పరిస్తూ గడిపేవాడు. "ఇలా అయితే నిన్ను చీమలు ఎత్తుకుపోతాయి గార్విన్" అని ఏడిపించేవాళ్ళు. "ఎత్తుకుపోనీ, మీ ఇంటికైతే కాదుగా" అనేవాడు.

జులైలో ఆ శనివారం ఒలీటా దొడ్లో చేపల వేపుడు. ఆ రోజు కూడా వంతు అతనే తీసుకున్నాడు. తన తుపాకీ రిపేరులో ఉందన్నాడు. "అయితే నాది పెట్టుకో" అని ఒలీటా తన తుపాకీ తీసి తూటాలతో సహా అన్న చేతికిచ్చింది. ఇచ్చి, నిశ్చింతగా రెండు బీర్లు తాగింది.

నాలుగింటికి పడవల రేవు దుకాణం నుంచి దెల్ఫీనో ఐసు మూటలు తెచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ప్రతి వేసవి ఐసు తెచ్చేది అతనే. ఐసు పోసే ఖాళీ పెట్టె గార్విన్ ట్రక్కులో ఉంది, తెచ్చుకోమని చెప్పింది ఒలీటాయే. అందరూ మూకుడు చుట్టూ మూగి చేపలు వేయిస్తున్నారు. ట్రక్కు దగ్గర ఒక్క కేక వినిపించింది, వెంటనే తుపాకీ పేలింది. పరుగెత్తి వెళ్ళేసరికి దెల్ఫీనో మోచేతి కింద రక్తం కారుతుంటే నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఐసు పొడిచే ఊచ పడి ఉంది.

"ఆ ఊచతో నా మీదకి వచ్చాడు" అన్నాడు గార్విన్.

"నేను పెట్టె తీసుకుంటున్నానంతే. ఈయన ఎందుకు కాల్చాడో నాకు తెలీదు" అన్నాడు దెల్ఫీనో, పళ్ళు బిగబట్టి.

షెరీఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ లానీ వచ్చాడు. ఒలీటా దగ్గర నేర్చుకున్నవాడే. కార్లోంచి ఊదుడు మెషీను తీసుకుని గార్విన్ దగ్గరికి వెళ్ళాడు. "సార్, ఈ రోజు మీరేమైనా తాగారా?"

గార్విన్ నోరు విప్పలేదు. విప్పేలోపు ఒలీటా అందుకుంది. "ఇవాళ నీళ్ళ వంతు ఆయనది లానీ. చుక్క ముట్టలేదు. దానికి నేను పూచీ. కావాలంటే నా లైసెన్సు పట్టుకెళ్ళు. మా అన్న చేత ఊదించడమేంటి, తీసి లోపల పెట్టు."

మేడమ్ మాట అంటే మాటే. లానీ మెషీను తీసుకెళ్ళి కార్లో పెట్టేశాడు. ఒలీటా చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాడు. తాగనివాడి మాట నిలబడింది. ఆసుపత్రిలో దెల్ఫీనోకి ఒక చేతికి కట్టు కట్టి, రెండో చేతిని మంచానికి బేడీ వేసి కట్టేశారు. దాడి కేసు సోమవారం కోర్టుకి వెళ్తుందన్నారు.

ఆదివారం పొద్దున్న ఒలీటా దొడ్లో గిన్నెలు ఏరుతుంటే బల్ల కింద గార్విన్ కప్పు దొరికింది. కడుగుదామని మూత తీసింది. వాసన గుప్పున కొట్టింది. టీ వాసన కాదు. మళ్ళీ చూసింది, వేలు ముంచి నాలుకకి రాసుకుంది. విస్కీ.

అన్నేళ్ళ నీళ్ళ వంతులన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. మొగుడి అంత్యక్రియల రోజు ఇంటిల్లిపాది తుపాకీలూ ఎవరికిచ్చింది? గార్విన్‌కి. మనవరాళ్ళని జాతరకి ఎవరి ట్రక్కులో ఎక్కించి పంపింది? గార్విన్ ట్రక్కులో.

కప్పు అలాగే పట్టుకుని అన్న ఇంటికి వెళ్ళింది. వంటింట్లో గార్విన్ కాఫీ తాగుతున్నాడు. వదిన వెర్నా పొయ్యి దగ్గర గ్రేవీ కలుపుతోంది.

"రా చెల్లీ, కూర్చో. కాఫీ పోయమంటావా?"

ఒలీటా కప్పు బల్ల మీద పెట్టింది. "మూత తియ్యన్నా."

అతను తియ్యలేదు. "వాసన చూశావా?"

"చూశాను."

"ఏదో రెండు గుటకలు. దానికింత రాద్ధాంతమా?"

"రెండు గుటకలకి ఇంత కప్పెందుకు?"

వెర్నా వెనక్కి తిరక్కుండానే అంది. "పదకొండేళ్ళుగా నేనే కలిపిస్తున్నా ఒలీటా. సగం టీ, సగం అది. వంతు రోజున ఇంకొంచెం ఎక్కువ. ఆ రోజు ఎవరికీ అనుమానం రాదు కదా."

"నోర్ముయ్ వెర్నా" అన్నాడు గార్విన్, గొంతు పెంచకుండానే.

అదన్నమాట ఆ త్యాగమంతా. అందరి వంతులూ నెత్తినేసుకున్నది అందుకన్నమాట. ఒలీటాకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

"దెల్ఫీనో నిజంగా నీ మీదకి వచ్చాడా?"

"వచ్చినట్టే ఉంది."

"వచ్చినట్టే ఉందా?"

"ఎండలో ఏదో మెరిసింది చెల్లీ. నేనేం చెయ్యను?"

"అతని చేతికి బేడీ వేసి కూర్చోబెట్టారు. పద, లానీ దగ్గరికి వెళ్దాం. జరిగింది జరిగినట్టు చెప్పు."

గార్విన్ కాఫీ కింద పెట్టాడు. "తాగలేదని చెప్పిందెవరు? నేనా? నేను నోరు తెరవనే లేదు. పేలింది నీ తుపాకీ, కాగితం మీదున్నది నీ మాట. ఇప్పుడు మాట మారిస్తే నీ లైసెన్సు పోతుంది, క్లాసు పోతుంది. ఆ ఐసువాడు మనకేమవుతాడని? పైగా నిన్న అందరూ చూస్తుండగా రెండు బీర్లు తాగింది నువ్వు. ఎవరి మాట నమ్ముతారో నువ్వే చూసుకో."

ఒలీటా కప్పు తీసుకుని బయటికి వచ్చేసింది. షెరీఫ్ ఆఫీసు ఇరవై నిమిషాల దారి. దారంతా ఒకటే మాట మనసులో అనుకుంది, నిజం చెప్పేస్తే నాలుగు రోజులు తిట్టుకుంటాడు, ఆ తర్వాతైనా అన్న అన్నే అవుతాడని. పిచ్చిది, ఇంకా అలాగే అనుకుంటోంది.

లోపలికి వెళ్ళగానే లానీ లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో కప్పు చూసి కళ్ళు పక్కకి తిప్పుకున్నాడు.

"ఇప్పుడే గార్విన్ గారు ఫోన్ చేశారు మేడమ్."

"ఏమన్నాడు?"

"మీరొక కప్పు తెస్తారని. అది మీదేనని. మీ ఆయన పోయిన దగ్గర్నుంచీ చాటుగా తాగుతున్నారట, ఇన్నేళ్ళూ మీ పరువు పోకుండా తనే కప్పిపుచ్చుకుంటూ వచ్చారట. ఇప్పుడు తన మీదకి తోసేస్తున్నారని..." లానీ ఆగాడు. "వెర్నా గారు కూడా లైన్లోకి వచ్చి అవునన్నారు."

ఒలీటా కుర్చీ వీపు పట్టుకుంది. తాగాడు, సరే. దాచాడు, అదీ సరే. కానీ తోడబుట్టినదాని గొంతు తడిగుడ్డతో కోయడానికి ఇరవై నిమిషాలు కూడా ఆగలేకపోయాడు. ఆమె తన ట్రక్కు ఎక్కేలోపే ఫోను తీసి ఉంటాడు. ఈసారి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

"కాగితం తియ్యి" అంది.

"మేడమ్, ఇది రాశానంటే ముందు మీకే..."

"తియ్యమన్నానుగా. నిన్న నేను రెండు బీర్లు తాగాను, రాయి. తుపాకీ నాది, నా చేత్తో ఇచ్చాను, రాయి. ఆయన తాగలేదని నేను చూసి చెప్పలేదు. అన్న కదా అని చెప్పాను. అదీ రాయి. నీ మెషీను కార్లో పెట్టించింది నేనే, అది మర్చిపోకు."

లానీ రాశాడు. కప్పుని సంచిలో పెట్టి సీలు వేశాడు. "ల్యాబుకి పంపుతాను. అంచు మీద ఎవరి ఎంగిలి ఉందో వాళ్ళు చెబుతారు. కానీ నెలలు పడుతుంది మేడమ్. అందాకా ఊళ్ళో మీ గురించి..."

"దెల్ఫీనో సంగతి చెప్పు ముందు."

లానీ ఫోన్ తీశాడు. షెరీఫ్‌తో మాట్లాడాడు, ఆపైన ఆసుపత్రితో మాట్లాడాడు. సాక్షుల మాటలు పొసగడం లేదనీ, అతని చేతికున్న బేడీ తీసెయ్యమనీ చెప్పాడు. ఒలీటా పర్సులోంచి తన లైసెన్సు, క్లాసు చెప్పే అనుమతి కార్డు తీసి అడక్కుండానే బల్ల మీద పెట్టింది.

"కాగితంలో నింపాల్సిన గడి ఇంకొక్కటి ఉంది మేడమ్" అన్నాడు లానీ ఇబ్బందిగా. "నాకు తెలుసనుకోండి, అయినా మీ నోటితో చెప్పాలి. గార్విన్ గారు మీకేమవుతారు?"

లానీ కలం పట్టుకుని ఎదురుచూశాడు.

"అన్న" అంది చివరికి. ఆ ఒక్క మాట చెప్పడానికి మిగతా కాగితమంతటికీ పట్టినంత సేపు పట్టింది.