ఆటు మొదలయ్యేలోగా

మొదటి కాన్పుకి కూతురు పుట్టింటికి రావాలి గానీ, తల్లే మూటాముల్లే సర్దుకుని కూతురింటికి బయల్దేరడం నాంచారమ్మ ఎరిగినంతలో ఎక్కడా లేదు. "బందర్లో ఆసుపత్రులు దొరకలేదా ఏంటే?" అని బందరు పక్క గిలకలదిండిలో ఇరుగుపొరుగు దెప్పారు. కూతురు నాగలక్ష్మి మాత్రం విజయవాడ నుంచి ఫోన్లో తెగేసి చెప్పింది. "నేను రాను. ఇక్కడ వారానికి మూడు రోజులు నాకు క్లాసుంది. నొప్పులప్పుడు మంచానికి కట్టెయ్యకుండా లేచి తిరగనిచ్చే ఆసుపత్రి ఉంది. నువ్వే రా."

క్లాసంటే కడుపుతో ఉన్నవాళ్ళకి నేర్పే యోగా. కత్తి పడకుండా, తన ఒంటి బలంతో తను కనాలని నాగలక్ష్మి పంతం. ఆపరేషనైన ఆడపడుచు ఆర్నెల్ల పాటు నడుం పట్టుకుని తిరగడం కళ్ళారా చూసింది లెండి.

నాంచారమ్మ ఎనిమిదో నెల చివర్లో వచ్చింది. ఒక సంచీలో చీరలు, ఒక సంచీలో ఎండుచేపలు, గోనెపట్టాలో చుట్టిన కత్తిపీట. అల్లుడు సూర్యప్రకాష్ గన్నవరం ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే చోట పనిచేస్తాడు. కత్తిపీట చూసి, "బస్సులో ఎలా రానిచ్చారండీ అత్తయ్యా? మా దగ్గరైతే మిమ్మల్ని గేటు దగ్గరే పట్టుకుందురు" అని నవ్వాడు.

క్లాసు పటమటలో ఒక మేడ మీద. నడిపేది కృప అనే ఆవిడ. పదిహేనేళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసింది. మొదటి రోజు నాంచారమ్మ గుమ్మంలో, చెప్పులు విడిచే చోట నిలబడి చూసింది. తొమ్మిది మంది గర్భిణులు చాపల మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి పిల్లిలా నడుం పైకెత్తుతున్నారు, మళ్ళీ దించుతున్నారు. పెద్ద పెద్ద రబ్బరు బంతుల మీద కూర్చుని ఊగుతున్నారు. నిండు పొట్టలతో ఆ ఊగడమేంటి తండ్రీ అనుకుంది ఆమె.

"ఇప్పుడు గొంతుక్కూర్చోండి. మడమలు నేల మీంచి లేవకూడదు" అంది కృప.

ఒక్కరికీ కుదరలేదు. ఒకమ్మాయి వెనక్కి తూలి గోడ పట్టుకుంది. నాగలక్ష్మి మడమల కింద దుప్పటి మడిచి పెట్టుకుంది. అంతసేపు నిలబడి కాళ్ళు లాగుతున్న నాంచారమ్మ, అలవాటు కొద్దీ ఆ చెప్పుల పక్కనే కూలబడింది. రెండు పాదాలూ నేలకి ఆని, మోకాళ్ళు విచ్చుకుని, మోచేతులు మోకాళ్ళ మధ్యకి వచ్చాయి. ముప్పై ఏళ్ళుగా చేపల బజార్లో ఆమె కూర్చునే తీరది.

కృప చప్పట్లు కొట్టింది. "అదిగో, చూడండి! అమ్మా, ఎంతసేపు కూర్చోగలరండీ అలాగ?"

"చేపలు అయిపోయిందాకానండి" అంది నాంచారమ్మ.

గది గొల్లుమంది. ఇంటికొచ్చాక ఆమె కూతుర్ని వదల్లేదు. "దీనికోసం ఆటో ఎక్కి పటమట పోవాలా ఏంటే? నా ఎదురుగా కూకో, రెండు కానగంత చేపలు బాగు చెయ్యి, అదే వస్తది."

మర్నాటి నుంచి రోజూ పొద్దున వరండాలో అదే పని. తల్లి కత్తిపీట ముందు కూర్చుని పొలుసు తీసేది. కూతురు ఎదురుగా ఆమె భుజాలు పట్టుకుని గొంతుక్కూర్చుని, ఊపిరి లెక్కపెట్టేది. కంపుకి ముక్కు మూసుకోబోతే, "ఊపిరి వదలమన్నారు, బిగబట్టమన్లేదు" అని తల్లి ఎకసెక్కం. మూడు వారాలకి నాగలక్ష్మి మడమలు దుప్పటి లేకుండా నేలకి ఆనాయి.

పైకి నవ్వుతున్నా, నాంచారమ్మ మనసు పాత కాన్పు మీదే ఉండేది.

నాగలక్ష్మి కంటే ముందు ఆమెకి ఒక మగబిడ్డ. ఇంట్లోనే కాన్పు. పొద్దున మొదలైన నొప్పులు సాయంత్రం దాకా సాగాయి. బిడ్డ ఏడవలేదు. అత్త గుమ్మంలోంచి సముద్రంలో కలిసే కాలవ వైపు చూసి, "నీళ్ళు తీసేస్తన్నాయి. ఆటు మీద వచ్చాడు, ఆటుతోనే పోయాడు" అంది. నీళ్ళు ఒడ్డుకెక్కే పోటు వేళ పుట్టిన బిడ్డ నిలుస్తుందనీ, వెనక్కి తీసే ఆటు వేళ పుట్టింది నిలవదనీ వాళ్ళ పెద్దల మాట. రెండేళ్ళకి నాగలక్ష్మి పోటు మీద పుట్టింది, నిలిచింది. ఇక ఆ మాట తప్పని నాంచారమ్మ ఎలా అనుకుంటుంది? ఆ బిడ్డ సంగతి కూతురికి ఆమె ఏనాడూ చెప్పలేదు.

యోగా చేస్తే బిడ్డ సులువుగా వస్తుందేమో గానీ, ఏ వేళకి వస్తుందో ఎవరు చెప్పగలరు? ఆపరేషనైతే చెప్పొచ్చు. ఈ ఆలోచన ఆమెని పట్టుకుని వదల్లేదు. నెలలు నిండాయనగా, ఆసుపత్రిలో కూతురు రక్తపరీక్షకి వెళ్ళిన కాసేపట్లో, డాక్టర్ జీవరత్నం ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మా, వచ్చే మంగళవారం పదకొండింటికి కోసి తీసెయ్యండి."

"ముహూర్తం పెట్టించారా?"

"అలాంటిదేనండి." అది పంతులు పెట్టింది కాదు. ఊళ్ళో పడవ నడిపే మొగుడు కొండలయ్య ఫోన్లో చెప్పిన పోటు లెక్క.

"అమ్మాయి నార్మలే కావాలంటోంది కదండీ?"

"పైకలా అంటదండి. లోపల భయమే." అబద్ధం నోట్లోంచి చేపలా జారిపోయింది.

"సోమవారం సాయంత్రం తీసుకురండి. తనతో కూడా మాట్లాడి చూద్దాం" అని డాక్టరు ఏదో రాసుకుంది.

కానీ ఆదివారం తెల్లవారుజామునే నాగలక్ష్మి తల్లిని తట్టి లేపింది. "అమ్మా, మొదలైనట్టున్నాయే."

నాంచారమ్మ మొదట చేసిన పని కొండలయ్యకి ఫోను. "ఏమయ్యా, ఇవాళ నీళ్ళెట్టా?"

"తొమ్మిదింటికి పోటెక్కుద్ది. మూడింటికి తిరుగుద్ది. ఏం, నొప్పులా?"

ఆమె సమాధానం చెప్పకుండానే పెట్టేసింది. తొమ్మిది నుంచి మూడు. ఆరు గంటలు. మొదటి కాన్పు ఆరు గంటల్లో అవుతుందా? తొమ్మిదికి ముందే అయిపోతేనో? మూడు దాటితేనో?

ఆసుపత్రిలో కాన్పు గదిలోకి ఒక్కరినే రానిస్తారు. "మీరే వెళ్ళండి అత్తయ్యా, నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి" అని సూర్యప్రకాష్ బయట బెంచీ మీద కూలబడ్డాడు. నాగలక్ష్మి నడవాలో నడిచింది. బంతి మీద ఊగింది. నొప్పి వచ్చినప్పుడల్లా గోడకి చేతులానించి "ఆ..." అంటూ పొడుగ్గా ఊపిరి వదిలింది. నాంచారమ్మ కృప నేర్పినట్టే నడుం కింద అరచేత్తో అదిమి పట్టింది. కళ్ళు మాత్రం గోడ గడియారం మీదే. తొమ్మిదైంది. హమ్మయ్య, ఇక రావచ్చు. పదకొండైంది. పన్నెండు. ఇక రావాలి. ఒంటిగంట. ఇక రాకపోతే ఎలా?

"అమ్మా, నా నడుం చూడవే, గడియారం కాదు" అని మధ్యలో కసిరింది కూతురు.

రెండుంపావుకి డాక్టరు పరీక్ష చేసింది. "గర్భద్వారం ఏడు సెంటీమీటర్లు. నెమ్మదిగా తెరుచుకుంటోంది, అయినా పరవాలేదు. బిడ్డ గుండె చక్కగా ఉంది. ఇంకో రెండు గంటలు చూడొచ్చు." నాంచారమ్మ వైపు తిరిగింది. "మీరు మంగళవారం ఆపరేషన్ అడిగారు కదా. ఓపిక లేదనుకుంటే ఇప్పుడే చేసేద్దాం. థియేటర్ ఖాళీగానే ఉంది."

నాగలక్ష్మి తలెత్తింది. "మంగళవారం ఏంటి? ఎవరడిగారు?"

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మాట్లాడుకోండి. ఐదు నిమిషాల్లో వస్తా."

తలుపు మూసుకుంది. "నువ్వా?" అంది నాగలక్ష్మి. "రోజూ నా ఎదురుగా కూర్చుని, నా చేత లెక్కలు పెట్టించి, వెనకాల ఇదా నువ్వు చేసింది?"

నాంచారమ్మ కూతురి పక్కన మంచం మీద కూర్చుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా మింగిన మాట ఒక్కసారిగా ఎలా వస్తుంది? "నీకంటే ముందు ఒకడు పుట్టాడే. ఆటు మీద పుట్టాడు. ఏడవలా." అంతే అనగలిగింది. కూతురి చెయ్యి మంచం పట్టె మీద బిగుసుకుంది. నొప్పి వచ్చింది. తల్లి నడుం అదిమింది, కూతురు అదమనిచ్చింది.

నొప్పి తగ్గాక నాగలక్ష్మి మెల్లగా అంది. "నాకు చెప్పాల్సిందమ్మా." చెమట తుడుచుకుని, "నాకు ఓపికైపోయింది. నువ్వెలా అంటే అలాగే. కోసెయ్యమంటే కోసెయ్యమంటా."

గడియారంలో రెండున్నర. ఇప్పుడు తలూపితే మూడులోగా బిడ్డ బయటుంటుంది. ఆమె అడిగిందీ, అబద్ధమాడిందీ, కోరుకున్నదీ ఇదే. ఇప్పుడు అరచేతిలోకొచ్చి కూర్చుంది. అయినా ఆమె తలూపలేదు.

నాగలక్ష్మి పొట్టకి కట్టిన పట్టీలోంచి, పక్కనున్న చిన్న డబ్బాలో టకటకమని చప్పుడు వస్తోంది. పొద్దుటి నుంచీ పట్టీ కట్టినప్పుడల్లా వస్తున్న చప్పుడే. నాంచారమ్మ ఇప్పుడే విన్నది.

"ఆ చప్పుడు బిడ్డదేనా అమ్మా?" అని డబ్బా చూడడానికి వచ్చిన నర్సుని అడిగింది.

"బిడ్డ గుండేనండీ. బాగా కొట్టుకుంటోంది, వినండి."

నాంచారమ్మ విన్నది. ఆ రోజు వాడి గుండెని ఎవరూ వినలేదు. మంత్రసాని వినలేదు, అత్త వినలేదు, తను వినలేదు. అందరూ కాలవలో నీళ్ళనే చూశారు. లోపల వాడు ఎప్పుడు అలిసిపోయాడో, ఎవరికి తెలుసు?

డాక్టరు తలుపు తీసింది. "ఏమనుకున్నారు?"

"ఆ చప్పుడు ఏమాత్రం తగ్గినా కోసెయ్యండి" అంది నాంచారమ్మ. "తగ్గందాకా చూద్దాం."

కూతురి వైపు తిరిగింది. "లచ్చీ, దిగు. నా ఎదురుగా కూకో."

ఆసుపత్రి నేల మీద, గడియారానికి వీపు పెట్టి, ఆమె గొంతుక్కూర్చుంది. నాగలక్ష్మి ఆమె భుజాలు పట్టుకుని ఎదురుగా దిగింది. మడమలు నేలకి ఆనాయి. "ఊపిరి వదలమన్నారు, బిగబట్టమన్లేదు" అంది తల్లి. ఏడుపులోంచే కూతురికి ఒక చిన్న నవ్వు తన్నుకొచ్చింది. నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధి తగ్గింది. కూతురి గోళ్ళు భుజంలోకి దిగుతుంటే నాంచారమ్మ టకటకల్ని లెక్కపెట్టింది. మూడయ్యుంటుంది. నీళ్ళు తిరుగుతూ ఉంటాయి. తల తిప్పి చూడాలని మెడ నరాలు లాగాయి. చూడలేదు. లెక్క తప్పిన ప్రతిసారీ భయంతో చచ్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

"ఇక మంచం దగ్గరికి రండి, తల కనిపిస్తోంది" అంది నర్సు.

ఆ తర్వాతదంతా ఆమెకి సరిగా గుర్తు లేదు. కూతురి కేక ఒకటి. డాక్టరు చేతుల్లోకి నీలంగా, తడిగా ఏదో జారింది. ఏడుపు లేదు. నాంచారమ్మ మంచం పట్టె పట్టుకుంది. ఒకటి. రెండు. మూడు. నర్సు గుడ్డతో వీపు గట్టిగా రుద్దింది. నాలుగు.

పిల్ల గదంతా అదిరేలా ఏడ్చింది.

"ఆడపిల్ల! మూడూ యాభై, రాసుకోండి" అంది డాక్టరు. నాగలక్ష్మి గుండెల మీద పిల్లని పడుకోబెట్టారు. ఆమె తల్లి వైపు చూసి చెయ్యి చాపింది. నాంచారమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

కొంగు ముడిలో ఫోను మోగింది. కొండలయ్య.

"ఏమేవ్, ఏవైంది?"

"ఆడపిల్ల. ఇద్దరూ బానే ఉన్నారు."

అవతల గాలి చప్పుడు. తర్వాత ఆయన గొంతు తగ్గించాడు. "మరి ఇక్కడ నీళ్ళు..."

"నీళ్ళ సంగతి నాకు చెప్పమాక" అంది నాంచారమ్మ. "ఇది విను."

ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల ఏడుపు ఆపి ఊపిరి తీసుకునేంతసేపు ఆమె కూడా ఊపిరి బిగబట్టింది. మళ్ళీ ఏడుపు అందుకున్నాకే వదిలింది.