మిట్టల మీది లెక్క

బురదంటే ఆమెకు చిన్నప్పటినుంచీ రోత. వంటింటి సింకులో నీళ్లు నిలిచిపోతే వేలు పెట్టి తీసేది అక్కే. ఈవిడ ముక్కు మూసుకుని గుమ్మం బయట నిలబడేది. అలాంటి మనిషి ఏరికోరి వృక్షశాస్త్రం చదివి, చివరికి కొండమీద సున్నపురాతి నేలలో ఉన్న చిత్తడి అడవిలో తేలింది. నవ్వొచ్చే విషయమే గానీ, ఆ కంపు ముక్కుకు తగిలాక ఎవరికీ నవ్వు రాదు.

రోడ్డు వేసేముందు అక్కడ ఏ మొక్కలున్నాయో తేల్చే సర్వేకి పెద్ద ఆమె బావ, అక్క మొగుడు. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే; ఆ మాట రోజూ ఎవరో ఒకరి చెవిన వేస్తూనే ఉంటాడు. ఆఫీసులో ఆయనకు తెల్లసాక్సులని పేరు. పొద్దున తొడిగిన సాక్సులు సాయంత్రానికీ మల్లెపువ్వుల్లా ఉంటాయి, చేసేది చిత్తడి నేలల్లో పనైనా సరే.

పని చూడ్డానికి చిన్నదే. చతురస్రంగా వంచిన ఇనుప చట్రాన్ని, అడవికి వీపు పెట్టి, చూడకుండా భుజం మీదుగా విసరాలి. ఎక్కడ పడితే అక్కడ, అందులో ఉన్న మొక్కల్నే రాసుకోవాలి. కోరుకున్న చోట లెక్కపెడితే అది లెక్క కాదు, కట్టుకథ. బావ వీపు పెట్టేవాడు గానీ, విసిరేముందు ఓరకంట చూసేవాడు. చట్రం ఎప్పుడూ చెట్ల మొదళ్ల చుట్టూ లేచిన పొడి మిట్టల మీదే పడేది. ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది. మిట్టల మధ్య గుంటల్లో కుళ్లిన గుడ్ల వాసన, జలగలు. అందులోకి దిగమని ఎవరూ అనకపోతే చాలనుకుంది.

ఆఖరి రోజు చట్రం కొమ్మకు తగిలి గుంటలోకి జారింది.

"అది లెక్కలోకి రాదులే. తీసుకొచ్చెయ్యమ్మా," అన్నాడు బావ, మిట్ట దిగకుండానే.

ఆమె ఒక చేత్తో ముక్కు మూసుకుని దిగింది. తొడలదాకా బురద. బూటులోకి చల్లగా ఏదో జారింది. కళ్లు మూసుకుని తడిమితే చట్రంతో పాటు గరుగ్గా ఒక నాచు కుచ్చు చేతికొచ్చింది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి చెక్కులాంటిది దాని నిండా పట్టి ఉంది. సున్నం.

చుట్టూ చూసింది. అదే నాచు, సన్నటి తుంగ, దాని నడుమ చిటికెనవేలంత ఆర్కిడ్ పువ్వులు. మిట్టల మీద వీటిలో ఒక్కటీ లేదు. అక్కడ రాలిన ఆకు కుళ్లి మట్టి పులిసిపోతుంది, సున్నపు నీళ్లు అంత ఎత్తు ఎక్కవు. సున్నం పడని మొక్కలే బతుకుతాయి. అవి ఏ కొండమీదైనా దొరికేవే. ఈ అడవికి మాత్రమే ఉన్న సొత్తంతా కింద, ఈ కంపులోనే ఉంది.

"బావా, మనం రాసింది తప్పు. ఇది మామూలు చిత్తడేనని రేపు రిపోర్టు ఇస్తే, కాలువ తవ్వి నీళ్లన్నీ తోడేసి రోడ్డేస్తారు."

"తెలుసులే."

"తెలుసా?"

"తెలియకేం. నీకు బురద పడదుగా, అందుకే మిట్టల మీద వేస్తూ వచ్చాను. చెల్లిని కష్టపెట్టొద్దని అక్క కూడా చెప్పింది. రేపు ఇద్దరం సంతకం పెట్టేసి చేతులు దులుపుకుందాం."

అంటూ ఆయన కారు దగ్గరికి నడిచి, ఆమె కూర్చునే సీటు మీద పాత పేపర్లు పరచడం మొదలుపెట్టాడు.

ఆ మాటలో అబద్ధం ఎంతుందో నిజమూ అంతే ఉంది, అది ఇంకా రోత. తొడలకంటిన బురద కడిగితే పోతుంది. ఈయన పేరు పక్కన తన సంతకం ఎన్ని నీళ్లతో కడిగినా పోదు.

గట్టెక్కి, అడవికి వీపు తిప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, చట్రాన్ని బలంకొద్దీ వెనక్కి విసిరింది. బురదలో పడిన చప్పుడు వినిపించింది.

"ఏంటమ్మా ఇది? అక్క ఎదురుచూస్తుంటుంది."

"అక్కతో నేను మాట్లాడతా. నా సంతకం కావాలంటే లెక్క మళ్లీ మొదలు. పెన్ను తీయండి, నేను చెప్తుంటా, మీరు రాసుకోండి."

పనికి రెండు చేతులూ కావాలి గనక, ఈసారి ముక్కు మూసుకోకుండానే దిగింది.