శుక్రవారం కప్పిన కండువా

సర్కారు ఏదైతే గజేందర్ దాని పక్షమే. అక్కడ రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే ఇక్కడ దోహాలో ఆయనా మారాడు. పాత కండువాలు కాళ్ళు తుడుచుకోవడానికి గుమ్మం దగ్గర పడేసి, కొత్త రంగువి తెప్పించాడు. తెల్లదొరలు పోయి ఇన్నేళ్ళయినా, ఏలేవాడి నీడన ఉంటే చాలనుకునేవాళ్ళకు మనలో కొదవ లేదు. ఖతర్‌లో అధికార పార్టీ శాఖకు ఇప్పుడాయనే కన్వీనర్.

ఆ శుక్రవారం దోహాలోనే నజ్మా అనే పేటలోని ఒక హోటల్లో మీటింగ్. "రా తమ్మీ, బిర్యాని ఉన్నది" అని గజేందర్ ఫోన్ చేస్తే, ఇండస్ట్రియల్ ఏరియాలోని కూలీల క్యాంపు నుంచి లింబాద్రి బస్సెక్కాడు. ఇద్దరిదీ ఒకే ఊరు.

ఆ ఊళ్ళో ఫ్యాక్టరీ కోసం సర్కారు భూములడుగుతోంది. లింబాద్రి తల్లి పోచవ్వ మిగతా రైతులతో కలిసి ధర్నా డేరా కింద కూర్చుని ఇవ్వనంటోంది. ఉన్నది ఒక్క చెక్క పొలం. లింబాద్రి తండ్రి సమాధి కూడా అందులోనే. "ఇయ్యకే అవ్వా, నేనున్న" అని ఫోన్ చేసినప్పుడల్లా కొడుకు ధైర్యం చెబుతున్నాడు.

హోటల్లో గజేందర్ వరసగా అందరికీ కండువాలు కప్పుతూ వచ్చాడు. లింబాద్రి వెనక్కి జరిగాడు.

"నాకొద్దన్నా. మా అవ్వ డేరాల కూసున్నది."

"గౌరవానికి కప్పుతున్ననురా! దోహాల ఎవడు సూస్తడు?"

పిలిచి అన్నం పెడుతున్నవాడు మెడలో వేసిన కండువాను తీసి వాడి చేతిలోనే పెట్టడం మనవాళ్ళకు చేతనైతే ఎన్ని ఎలక్షన్లు తారుమారయ్యేవో! లింబాద్రి కప్పుకున్నాడు. ఫోటో తీస్తుంటే నవ్వాడు కూడా.

తర్వాతి వారం డ్యూటీ దిగి ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏలిముద్ర ఏసిన బిడ్డా" అంది పోచవ్వ.

"ఏందే అవ్వా! ఎందుకేసినవ్?"

"పార్టీవోళ్ళు డేరాలకొచ్చి నీ ఫోటో సూపెట్టిన్రు. మెడల కండువా ఏసుకొని నవ్వుతున్నవ్. 'గల్ఫ్‌ల ఉన్న నీ కొడుకే మాదిక్కున్నడు, నీకేమైంది ముసల్దానా' అన్నరు. అందరి ముంగట తలకాయ కొట్టేసినట్టయింది. నువ్వే ఒప్పుకున్నంక నేనెవలి కోసం కూసోవాలె?"

లింబాద్రి క్యాంపు మెట్ల మీద కూర్చున్నాడు.

"నేను ఒప్పుకోలేదవ్వా. నీ మీదొట్టు."

"మరి ఆడికెందుకు పోయినవ్?"

అబద్ధం చెప్పాలనే అనుకున్నాడు. నోరు రాలేదు.

"బిర్యాని పెడుతమంటె పోయిన."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది, గుండెలో బరువు కొంత దిగేది. నాయిన సమాధి మీదికి మిషన్లు ఎప్పుడొస్తాయో అడుగుదామనుకుని, అడగలేకపోయాడు.

చివరికి పోచవ్వ ముక్కు చీదింది.

"పోనీ, కడుపునిండ తిన్నవా బిడ్డా?"