పద్దెనిమిది గంటల బ్యాటరీ

రాత్రి డ్యూటీ చేసే మా ఆయన పగలంతా పడకగదిలో నిద్రపోతారు. ల్యాప్‌టాప్‌కి పనికొచ్చే ప్లగ్గు ఉన్నదీ ఆ గదిలోనే. నేను ఉపన్యాసాల రికార్డింగులు విని టైపు చేస్తాను. ఆయన నిద్ర చెడకుండా వరండాలో కూర్చోవచ్చని, బ్యాటరీ పద్దెనిమిది గంటలు వస్తుందన్న కొత్త ల్యాప్‌టాప్‌ను పాతదానికి రెట్టింపు ధర పెట్టి కొన్నాను. మొదటిరోజు మధ్యాహ్నం భోజనానికి ముందే అది గుడ్లు తేలేసింది. మా తోడికోడలు నన్ను షాపుకి లాక్కెళ్లింది.

"ఆ లెక్క తెర వెలుతురు తగ్గించి, ఇంటర్నెట్ ఆపేసి వేసిందండి. మీరు దాంతో పని చేస్తున్నారు కదా," అన్నాడు మేనేజర్.

"మరి కొన్నది మొహం చూసుకోవడానికా?" అంది తోడికోడలు.

"వెనక్కి తీసుకోండి," అన్నాను.

"పెట్టె తెరిచాక తీసుకోమండి."

పక్క బల్ల మీద అదే మోడల్ దేదీప్యమానంగా వెలుగుతోంది. ప్లగ్గు కోసం అల్లాడేదాన్ని కనుక నా కళ్లు ముందు ఛార్జింగ్ తీగనే వెతికాయి. అది 'పద్దెనిమిది గంటలు' అన్న బోర్డు వెనక దాక్కుని ఉంది. తీగ పీకేసి, కుర్చీ లాక్కుని, నా పెన్‌డ్రైవ్ గుచ్చి, ఆ రోజు పని తెరిచి టైపు చేయసాగాను.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"పని. ఇది పద్దెనిమిది గంటలు వస్తే మీకు దండం పెట్టి పోతాను."

"మాకు భోజనం ఇక్కడికే తెప్పించు నాయనా," అంటూ తోడికోడలూ కూర్చుంది.

మేనేజర్ తీగ అందుకోబోయాడు. కొనడానికొచ్చిన ఒకాయన కార్డు జేబులో పెట్టేసుకుని, "ఉండనివ్వండి, మేమూ చూస్తాం," అన్నాడు.

మేనేజర్ గొంతు తగ్గించి, వెనక్కి తీసుకుంటామంటూ నా బిల్లు అడిగాడు.

"ఈ పేజీ అయ్యాక ఇస్తాను," అన్నాను.