సోమవారం దగ్గు

మా క్లాసు పిల్లలు రోగిని చూడగానే స్టెతస్కోప్ తీస్తారు. ఏం పని చేస్తావని మాత్రం చచ్చినా అడగరు. ఆదిలాబాద్‌లో, చుట్టూ జిన్నింగ్ మిల్లులు పెట్టుకుని, దగ్గుతూ వచ్చిన మనిషిని ఆ ఒక్క మాట అడగకపోతే ఒళ్లు మండదా? ఏళ్ల తరబడి మెడికల్ కాలేజీలో వృత్తి వ్యాధుల పాఠం చెబుతున్నాను. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అదీ వస్తే వస్తుంది. అందుకే వెనక బెంచీల వాళ్లు హాయిగా నిద్రపోతారు.

ఆ సోమవారం పుస్తకం మూసేసి అంబదాస్‌ను క్లాసుకే పిలిపించాను. జిన్నింగ్ మిల్లులో దూది దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేయడం ఈ జబ్బు గుర్తు. నిరుడు నేనే గట్టిగా చెప్పి ఆ పని మాన్పించాను. నా చదువు వల్ల ఒక్కడైనా బతికి బయటపడ్డాడని, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగా కూడా ఉండేది.

"అడగండి," అన్నాను.

భవ్యశ్రీ లేచింది. క్లాసులో ఫస్టు. బీడీ తాగుతావా, సాయంత్రం జ్వరం వస్తుందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, అన్నీ అడిగింది. "టీబీ కావచ్చు మేడం," అని కూర్చుంది.

"ఏం పని చేస్తడో అడిగినవా తల్లీ?" నా గొంతు లేచింది.

వెనక నుంచి ప్రణయ్ లేచాడు. మంథని పిల్లవాడు, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పడు.

"కాకా, ఏం పని చేస్తవు?"

నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇప్పుడేం చేస్తలే బిడ్డా," అన్నాడు అంబదాస్. "మేడం మానుమన్నది, మానిన. నా జాగల మా ఇంటామె పోతుంది."

"నీ జాగలనా?" అన్నాను.

"మిల్లుల గంతే గద మేడం. మనం పోకుంటె ఇంట్లకెల్లి ఇంకొకలను పంపాలె. లేకుంటె జాగ వేరేటోళ్లకు పోతది. మల్ల సీజన్‌కు పిలువరు."

అప్పుడు వినిపించింది నాకు, బయట వరండాలో దగ్గు. కనకవ్వ పొద్దుటి షిఫ్టు నుంచి నేరుగా వచ్చి, భర్తను తీసుకుపోదామని గోడకు ఆనుకుని కూర్చుంది. జుట్టు నిండా దూది. గుమ్మం దాకా వెళ్లాను.

"ఎప్పటి సంది గీ దగ్గు?"

"ఐతారం మంచిగనే ఉంటది మేడం. ఇయ్యాల పనిల దిగినంక పట్టుకున్నది."

వెనక పిల్లలు గబగబా రాసుకుంటున్నారు. ఇలాంటి కేసు మళ్లీ దొరకదు కదా!

"మేడం, ట్రీట్‌మెంట్ ఏం రాయాలి?" భవ్యశ్రీ అడిగింది.

పుస్తకంలో ఉన్నది ఒకటే జవాబు, రోగిని ఆ పని నుంచి తప్పించడం. కనకవ్వకు పుస్తకం అక్కర్లేకపోయింది.

"నన్ను గూడ మానుమంటరా మేడం? మానుత. మా బిడ్డ హర్షిణిని పంపుత. ఇంటర్ అయిపోయింది, ఇంట్లనే ఉన్నది."

నా క్లాసు పిల్లల ఈడుది హర్షిణి. మానెయ్యమని చెప్పడానికి నోరు రాలేదు. మానొద్దని చెప్పడానికీ రాలేదు.

"మూతికి గుడ్డ కట్టుకో కనకవ్వా," అన్నాను. అంటుంటే నాకే సిగ్గేసింది.

"కొంగు కట్టుకుంటనే ఉన్న మేడం," అని, లోపలికి వచ్చి భర్తను చెయ్యి పట్టుకుని లేపింది.